ఒకే ఇల్లు, యాభై ఒక్కమంది యజమానులు: టైమ్‌షేర్ రిసార్టు రోజూ ఎలా నడుస్తుంది?

టైమ్‌షేర్ రిసార్టు అంటే, ఒకే సెలవు ఇంటిని చాలామంది ఏడాదిలో ఒక్కో వారం చొప్పున కొనుక్కుని పంచుకునే చోటు. శనివారం ఉదయం పది గంటలకు అలాంటి రిసార్టు రిసెప్షన్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. వారం రోజులు ఉండి వెళ్తున్న కుటుంబాలు తాళాలు అప్పగిస్తుంటాయి. సాయంత్రం నాలుగింటికి చెక్-ఇన్ అని ముందే చెప్పినా, పదకొండు కాకముందే దిగిన కుటుంబాలు సామాన్లు పక్కన పెట్టుకుని సోఫాల్లో ఎదురుచూస్తుంటాయి. మధ్యలో ఉన్నవి ఆరు గంటలు. ఈలోగా ఓ అరవై ఇళ్లు ఖాళీ అయి, శుభ్రపడి, తనిఖీ పూర్తయి, మళ్లీ మనుషులు దిగడానికి సిద్ధం కావాలి. గదులు అనకుండా ఇళ్లు అని కావాలనే రాస్తున్నాను. ఒక్కో యూనిట్‌లో పడకగదులతోపాటు హాలు, వంటగది, ఫ్రిజ్, స్టవ్, గిన్నెలు, బాల్కనీలో కుర్చీలు, చాలాచోట్ల వాషింగ్ మెషీన్ కూడా ఉంటాయి.

బయటినుంచి చూసేవాళ్లకు ఇది హోటల్‌లాగే కనిపిస్తుంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. రిసెప్షన్, హౌస్‌కీపింగ్, మెయింటెనెన్స్, స్విమ్మింగ్ పూల్, అన్నీ అవే కదా అనిపించింది. తేడా తెలియడానికి ఒక సీజన్ పట్టింది. హోటల్లో గది యజమానిది, డబ్బు అతిథిది. గది నచ్చకపోతే అతిథి మళ్లీ రాడు, లెక్క అక్కడితో సరి. టైమ్‌షేర్‌లో ఒక్కో యూనిట్‌కు దాదాపు యాభై ఒక్కమంది ఓనర్లు ఉంటారు. ఇవాళ అందులో ఉన్నది ఒక్క కుటుంబం. మిగతా యాభై కుటుంబాలు ఎక్కడెక్కడో తమ ఉద్యోగాలు చేసుకుంటూ, తమ వంతు వారం కోసం ఎదురుచూస్తుంటాయి. మేనేజరు ఖర్చుపెట్టే ప్రతి రూపాయిలో, ప్రతి డాలరులో, ప్రతి యూరోలో వాళ్ల వాటా ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ల మాట వినబడుతుంది. ఎదుట లేని ఆ యాభై కుటుంబాల తరఫున ఆలోచించడం దగ్గరే ఈ ఉద్యోగం హోటల్ ఉద్యోగం నుంచి విడిపోతుంది. ఈ ముడి తెలిస్తే రిసార్టులో రోజూ జరిగే పనుల్లో చాలావాటికి కారణం తెలిసిపోతుంది.

అమ్మింది గదిని కాదు, వారాన్ని

ఈ పద్ధతి 1960ల్లో యూరప్‌లో పుట్టింది. స్విట్జర్లాండ్‌లో 1963లో మొదలైన హాపిమాగ్ కంపెనీ, షేర్లు కొన్నవాళ్లకు సెలవు ఇళ్లలో ఉండే హక్కు ఇచ్చింది. దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లోని స్కీ రిసార్టుల్లో వారాల లెక్కన హక్కులు అమ్మడం మొదలైంది. కారణం చాలా మామూలుది. ఏడాదిలో రెండు మూడు వారాలు ఉండే ఇంటికి ఏడాది మొత్తం ధర ఎందుకు కట్టాలి? ఒకే ఇంటిని కొంతమంది కలిసి కొనుక్కుని, కాలాన్ని పంచుకుంటే సరిపోతుంది కదా!

అలా సంవత్సరాన్ని 52 వారాలుగా కోశారు. ఎక్కువ రిసార్టులు 51 వారాలు అమ్మి, ఒక వారాన్ని మరమ్మతులకు ఉంచుకుంటాయి. అందుకే పైన యాభై ఒక్కమంది అన్నాను. ఒకరే రెండు మూడు వారాలు కొనుక్కోవచ్చు, కాబట్టి తలలు లెక్కపెడితే కొంచెం తక్కువే ఉంటారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు తేదీలకన్నా వారం నంబర్లతోనే మాట్లాడుకుంటారు. "ముప్పై ఒకటో వారం ఫుల్", "నలభై ఐదో వారంలో లిఫ్ట్ పని పెట్టుకుందాం" అనే మాటలు ఆఫీసులో రోజూ వినిపిస్తాయి.

ఇందులో ఒక చిన్న లెక్క చిక్కు ఉంది. 52ను ఏడుతో గుణిస్తే 364. ఏడాదికి ఒక రోజు, లీపు సంవత్సరమైతే రెండు రోజులు మిగిలిపోతాయి. అవి పోగై అయిదారేళ్లకోసారి 53వ వారం పుట్టుకొస్తుంది. ఆ వారం ఎవరిదన్నది రిసార్టు ఒప్పంద పత్రాల్లో రాసి ఉంటుంది. ఆ పేజీ చదవని మేనేజరుకు ఆ ఏడాది చివర్లో తప్పకుండా ఫోన్లు వస్తాయి. పత్రాలు చదవడం న్యాయవాదుల పని అనుకునేవాళ్లకు ఈ ఉద్యోగం కష్టం. ఎవరికి ఏ రోజు తలుపు తెరవాలో చెప్పేది ఆ పత్రాలే.

మొదట్లో అన్నీ ఫిక్స్‌డ్ వారాలే. ఫలానా యూనిట్, ఫలానా వారం, ప్రతి ఏడాదీ మీదే. తర్వాత ఫ్లోటింగ్ వచ్చింది. అంటే సీజన్ మాత్రమే ఖాయం, అందులో ఏ వారం కావాలో ముందుగా బుక్ చేసుకోవాలి. ఆపైన పాయింట్లు వచ్చాయి. డిస్నీ 1991లో తన వెకేషన్ క్లబ్‌ను పాయింట్ల పద్ధతిలోనే మొదలుపెట్టింది. ఏడాదికి ఇన్ని పాయింట్లు అని ఇస్తారు. రద్దీ సీజన్‌లో పెద్ద యూనిట్‌కు ఎక్కువ పాయింట్లు పోతాయి, ఖాళీ సీజన్‌లో చిన్న యూనిట్‌కు తక్కువ పోతాయి. మూడు రాత్రులు ఉండొచ్చు, పది రాత్రులూ ఉండొచ్చు.

కొనేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యమే. నడిపేవాళ్లకు మాత్రం పని తీరే మారిపోయింది. ఫిక్స్‌డ్ వారాల రిసార్టులో ఒక యూనిట్ వారానికి ఒక్కసారి ఖాళీ అవుతుంది. పాయింట్ల రిసార్టులో అదే యూనిట్ వారంలో రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు ఖాళీ కావచ్చు. ఖాళీ అయిన ప్రతిసారీ పూర్తి శుభ్రత, పూర్తి లినెన్ (దుప్పట్లు, తువ్వాళ్ల) మార్పు, పూర్తి తనిఖీ తప్పవు. ఓనరు చేతికి వచ్చిన స్వేచ్ఛకు బదులు హౌస్‌కీపింగ్ ఖర్చు పెరిగి, చివరికి ఓనర్లు ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజులో చేరుతుంది. ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరైనా విడమరిచి చెప్పాలని నా కోరిక.

ఒకే కారిడార్‌లో నాలుగు రకాల మనుషులు

ఒక రాత్రి రిసార్టులో నిద్రపోయేవాళ్లందరూ ఓనర్లు కారు. తమ వారం వాడుకుంటున్న ఓనర్లు కొందరు. తమ వారాన్ని ఎక్స్‌ఛేంజ్ కంపెనీలో జమచేసి, బదులుగా ఇక్కడికి వచ్చిన వేరే రిసార్టుల ఓనర్లు కొందరు. ఇలాంటి మార్పిళ్లకు ప్రపంచంలో పెద్ద పేర్లు రెండు. 1974లో మొదలైన ఆర్‌సీఐ ఒకటి, 1976లో వచ్చిన ఇంటర్వల్ ఇంటర్నేషనల్ రెండోది. ఇంకొందరు మామూలుగా అద్దె కట్టి వచ్చినవాళ్లు. నాలుగో రకం, తక్కువ ధరకు రెండు మూడు రాత్రుల బస ఇస్తామంటే, దానికి బదులుగా సేల్స్ ప్రెజెంటేషన్ వినడానికి ఒప్పుకుని వచ్చినవాళ్లు.

వీళ్ల ఆశలు ఒక్కలా ఉండవు. అద్దెకు వచ్చినవాళ్లకు హోటల్ అలవాటు. రోజూ దుప్పట్లు మారుస్తారని, తువ్వాళ్లు తెస్తారని అనుకుంటారు. ఓనర్లకు మాత్రం వారం మధ్యలో ఒకసారి తేలికపాటి శుభ్రత అనేది తామే ఆమోదించిన బడ్జెట్ అని తెలుసు. ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చినవాళ్లు తమ సొంత రిసార్టుతో పోల్చి చూస్తారు. వెళ్లాక వాళ్లు ఇచ్చే రేటింగుల మీదే రిసార్టు గ్రేడు ఆధారపడుతుంది. ఆర్‌సీఐ ఇచ్చే గోల్డ్ క్రౌన్ లాంటి గుర్తింపు తగ్గితే నష్టపోయేది కంపెనీ ఒక్కటే అనుకోకండి. తమ వారానికి బదులుగా మంచి చోటు దొరికే అవకాశం తగ్గి, ఓనర్లందరూ నష్టపోతారు.

ఇక యూనిట్ల కేటాయింపు. ఇది రిసెప్షన్‌లో తాళం ఇచ్చేటప్పుడు జరిగే పని కాదు. నాలుగైదు రోజుల ముందే ఎవరో ఒకరు జాబితా ముందేసుకుని కూర్చోవాలి. మొదట ఫిక్స్‌డ్ యూనిట్ ఓనర్ల పేర్లు పడాలి, అందులో మార్పు చేసే హక్కు మనకు లేదు. తర్వాత మెట్లెక్కలేనివాళ్లు, చక్రాల కుర్చీ వాడేవాళ్లు. ఆ తర్వాత పక్కపక్కనే ఉండాలని అడిగిన బంధువులు. చివరగా, సముద్రం కనపడాలనో కొండ కనపడాలనో కోరేవాళ్లు. ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చినవాళ్లకు ఎప్పుడూ వెనకవైపు యూనిట్లే ఇస్తారన్న ఫిర్యాదు ప్రతి రిసార్టులో ఉంటుంది. కొన్నిచోట్ల అది నిజం కూడా. నా అభిప్రాయంలో అది అన్యాయమే కాక తెలివితక్కువతనం. ఎందుకంటే రేటింగ్ ఇచ్చేది వాళ్లే.

లాక్-ఆఫ్ యూనిట్లు ఈ కేటాయింపును ఇంకా చిక్కు చేస్తాయి. రెండు పడకగదుల ఇంటిని మధ్య తలుపు మూసేసి రెండు చిన్న యూనిట్లుగా విడదీయొచ్చు. ఓనరు ఒక భాగంలో తాను ఉండి, రెండోదాన్ని ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వొచ్చు. అంటే నిన్న ఒక కుటుంబం ఉన్నచోట ఇవాళ ఒకరికొకరు తెలియని రెండు కుటుంబాలు ఉంటాయి. మధ్య తలుపుకు రెండువైపులా తాళం పడిందా లేదా అని చేత్తో లాగి చూడాల్సిందే. కంప్యూటర్‌లో "లాక్డ్" అని టిక్కు పెట్టి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు.

ఆ ఆరు గంటలు

శనివారం పని ఎంత ఉంటుందో లెక్క వేసి చూద్దాం. వంద యూనిట్ల రిసార్టు అనుకోండి. ఆ రోజు అరవై మారుతున్నాయి. అందులో నలభై ఒకే పడకగదివి, ఒక్కోదానికి గంట. మిగతా ఇరవై ఇళ్లు రెండేసి పడకగదులవి, ఒక్కోదానికి వంద నిమిషాలు. మొత్తం 4,400 నిమిషాలు, అంటే 73 గంటల పైచిలుకు. పదింటికి చెక్-అవుట్ అయినా కుటుంబాలన్నీ సరిగ్గా పదింటికే బయటపడవు. చివర్లో తనిఖీకీ సమయం కావాలి. కాబట్టి ఒక్కొక్కరికి చేతిలో మిగిలేది అయిదు గంటల పని. 4,400ను 300తో భాగిస్తే పదిహేనుమంది కావాలి. అదే మంగళవారం ముగ్గురు నలుగురితో సరిపోతుంది.

మరి ఒక్క శనివారం కోసం పదిహేనుమందిని వారమంతా జీతమిచ్చి ఉంచుకోవాలా? లేదా ఆ ఒక్క రోజుకు బయటినుంచి మనుషుల్ని తెచ్చుకోవాలా? బయటివాళ్లకు ఈ వంటగది సామాను లెక్క తెలియదు, ఏ ఇంట్లో ఏ కుళాయి మొరాయిస్తుందో తెలియదు. దీనికి చాలా రిసార్టులు కనిపెట్టిన దారి, వారాన్ని మూడు రోజుల్లో మొదలుపెట్టడం. కొన్ని యూనిట్ల వారం శుక్రవారం మొదలవుతుంది, కొన్నింటిది శనివారం, మిగతావాటిది ఆదివారం. అలా అరవై మార్పులు మూడు ఇరవైలుగా విడిపోతాయి. ఓనర్లకు తమ ఒప్పందంలో ఫలానా రోజే చెక్-ఇన్ అని ఎందుకుందో తరచుగా అర్థం కాదు. సౌకర్యం చూడకుండా పెట్టిన రూల్ అనుకుంటారు. అసలు సంగతి ఈ నిమిషాల లెక్క.

శుభ్రతలో ఎక్కువ సమయం తినేది మంచం, బాత్రూమ్ అనుకుంటారు చాలామంది. వంటగది వాటికన్నా ఎక్కువ తింటుంది. వారం రోజులు వండుకున్న స్టవ్, మాడిన గిన్నె, ఫ్రిజ్‌లో మిగిలిన పదార్థాలు, డిష్‌వాషర్‌లో సగం కడిగిన పళ్లేలు. ఆపైన లెక్క. ఆరుగురు పడుకునే ఇంట్లో ఆరు కాదు, ఎనిమిదో పదో పళ్లేలు, గ్లాసులు, చెంచాలు ఉంటాయి. కత్తి, కత్తెర, జల్లెడ, డబ్బా మూత తీసే పనిముట్టు కూడా ఉండాలి. ఒక్క చెంచా తగ్గితే ఎవరికీ తెలియదు. వారానికి ఒక చెంచా చొప్పున తగ్గితే రెండు నెలల్లో ఒక కుటుంబం భోజనానికి కూర్చుని చెంచాల్లేక రిసెప్షన్‌కు ఫోన్ చేస్తుంది. అందుకే తలుపు వెనక సామాను జాబితా ఉంటుంది, హౌస్‌కీపింగ్ అమ్మాయి దాన్ని చూసి ఒక్కొక్కటీ లెక్కపెడుతుంది. ఈ పని చేసేవాళ్లకు దొరికే గౌరవం, జీతం రెండూ చాలా తక్కువ. రిసార్టు పేరు నిలబడేది మాత్రం వాళ్ల చేతుల మీదే.

లినెన్ సంగతి వేరు. హోటళ్లలో సాధారణంగా త్రీ పార్ అంటారు. ఒక సెట్టు మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి అల్మారాలో. వారం మార్పుల రిసార్టులో అరవై ఇళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు ఒక్కపూటలో కిందికి వచ్చిపడతాయి. కాబట్టి శనివారం పొద్దునకల్లా రెండో సెట్టు ఉతికి, మడిచి, ఇంటింటి లెక్కన మూటలు కట్టి అంతస్తుకు చేరి ఉండాలి. శుక్రవారం రాత్రి ఒక డ్రయర్ ఆగిపోయిందంటే శనివారం సాయంత్రం నాలుగింటికి లాబీలో దాని ప్రభావం కనిపిస్తుంది.

యూనిట్ కడిగేసినంత మాత్రాన సిద్ధమైనట్టు కాదు. సిస్టమ్‌లో అది వేకెంట్ డర్టీ (ఖాళీ, శుభ్రం కాలేదు) నుంచి వేకెంట్ క్లీన్‌కు (ఖాళీ, శుభ్రమైంది), అక్కడినుంచి ఇన్‌స్పెక్టెడ్‌కు (తనిఖీ అయింది) మారాలి. మూడో మెట్టు మారేముందు సూపర్‌వైజరు వెళ్లి ఏసీ వేసి, వేడినీళ్లు తిప్పి, స్టవ్ వెలిగించి, పొగ అలారం బటన్ నొక్కి, పరుపు అంచులు ఎత్తి నల్లుల జాడ చూడాలి. టెన్షన్ ఎక్కువైనప్పుడు మొట్టమొదట కోత పడేది ఈ తనిఖీకే. లాబీలో పిల్లలు ఏడుస్తుంటారు, ఎవరో గొంతు పెంచుతారు, "క్లీన్ అయిపోయింది కదా, తాళం ఇచ్చేయండి" అని ఒత్తిడి వస్తుంది. ఇచ్చేస్తే పావుగంట మిగులుతుంది. ఆ ఇంట్లో గీజర్ పనిచేయకపోతే ఆ కుటుంబానికి ఒక సాయంత్రం, మనకు రెండు గంటలు పోతాయి.

ఇక్కడ హోటల్‌కున్న వెసులుబాటు ఒకటి టైమ్‌షేర్‌కు లేదు. హోటల్లో గది పాడైతే అవుట్ ఆఫ్ ఆర్డర్ (వాడకానికి పనికిరాదు) అని పెట్టి ఇంకోటి ఇస్తారు, పోయేది ఒక రాత్రి ఆదాయం. ఇక్కడ 51 వారాలూ అమ్ముడైపోయాయి. ఈ వారం ఈ ఇల్లు ఇవ్వలేకపోతే, ఆ కుటుంబం కొన్న వస్తువునే ఇవ్వలేదన్నమాట. ఖాళీగా దొరికేవి మరమ్మతు వారంలో ఉన్న యూనిట్లు, డెవలపర్ (రిసార్టు కట్టి అమ్మే కంపెనీ) ఇంకా అమ్మని వారాలు, ఫీజు కట్టనందువల్ల ఓనర్ల చేతి నుంచి పోయిన వారాలు, అంతే. అందుకే మంచి మేనేజరు శుక్రవారం రాత్రే "రేపు ఏ ఇల్లు మొరాయిస్తే ఎవరిని ఎక్కడికి మార్చగలను?" అని రెండు పేర్లు కాగితం మీద రాసుకుంటాడు.

విరిగేముందే బాగుచేయడం

ఓనరుకు జ్ఞాపకశక్తి ఎక్కువ. హోటల్ అతిథికి గది కొత్త, ఓనరుకు పదేళ్ల పరిచయం. "గోడ మీద ఆ పడవ బొమ్మ ఏమైంది?" అని తలుపు దగ్గరే అడిగిన పెద్దావిడను నేను చూశాను. ఆవిడ పిల్లలు ఆ బొమ్మ కింద నిలబడి ఏటా ఫొటో దిగేవారట. మేము దాన్ని రంగు వెలిసిందని తీసేశాం. వెతికి తెచ్చి మళ్లీ తగిలించాం. ఇలాంటి ఓనర్లు రిసార్టుకు పెద్ద ఆస్తి. బాత్రూమ్ మూలలో టైలు కదులుతోందని, కిందటేడు లేని చెమ్మ ఈసారి ఉందని ముందుగా చెప్పేది వాళ్లే. ఆ మాటను ఫిర్యాదుగా తీసుకుని సారీ చెప్పి ఊరుకుంటే ఒక మంచి కబురు పోగొట్టుకున్నట్టే. దాన్ని పని చీటీగా మార్చి, ఆ యూనిట్ చరిత్రలో రాసి పెట్టాలి.

మరమ్మతుల్లో రెండు రకాలు. ఫోన్ వస్తే పరిగెత్తడం మొదటిది. క్యాలెండర్ ప్రకారం, ఏమీ పాడు కాకముందే చూసుకోవడం రెండోది. అమ్మకుండా ఉంచుకున్న ఆ ఒక్క వారం రెండోదాని కోసమే. ఆ ఏడు రోజుల్లో రంగులు, టైళ్ల మధ్య సిమెంటు, ఏసీ కాయిల్స్, తలుపు బందులు, సోఫా కాళ్లు, పరుపు తిప్పడం అన్నీ కావాలి. వంద ఇళ్లకు వంద వారాలు. వాటిని ఏడాది పొడవునా పరచుకోవాలి. ఎక్కువ రద్దీలేని సీజన్‌లోకి తోయాలి, అలాగని మెయింటెనెన్స్ సిబ్బంది చేయగలిగినదానికి మించి ఒకేసారి పెట్టకూడదు. రద్దీ పెరిగినప్పుడు ఈ మరమ్మతు వారాన్ని కూడా అద్దెకు ఇచ్చేద్దామన్న ఆలోచన వస్తుంది. ఒక ఏడాది ఇస్తే ఎవరికీ తెలియదు. మూడేళ్లు వరుసగా ఇస్తే గోడలు చెబుతాయి.

ఖాళీగా ఉన్న ఇల్లు క్షేమంగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. ఓనరు రాకపోతే యూనిట్ వారం రెండు వారాలు మూసే ఉంటుంది. పైపుల్లో నీళ్లు నిలిచిపోతాయి. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లు అంతుచిక్కని నిమోనియాతో జబ్బుపడి, పలువురు మరణించారు. కారణమైన బ్యాక్టీరియాను 1977 జనవరిలో గుర్తించి, ఆ సైనిక సంఘం పేరు మీదుగా లెజియొనెల్లా అన్నారు. సుమారు 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న, కదలని నీళ్లలో అది పెరుగుతుంది. షవర్ తుంపర్లతోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అందుకని వేడినీటి ట్యాంకును 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి, వాడని యూనిట్లలో వారానికి ఒకసారైనా కుళాయిలు, షవర్లు కొన్ని నిమిషాలు వదలాలి, వదిలినట్టు సంతకంతో రాయాలి. ఎవరూ చూడని పని ఇది. సరిగ్గా చేసినన్నాళ్లూ ఎవరికీ దీని గురించి తెలియదు కూడా.

స్విమ్మింగ్ పూల్ నీళ్లకూ ఇదే క్రమశిక్షణ. క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల వంతుల నీటికి ఒక వంతు), నీటి ఆమ్ల-క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. పిల్లలు ఎక్కువగా దిగిన మధ్యాహ్నం పొద్దుటి రీడింగ్ పనికిరాదు, మళ్లీ చూడాలి.

డబ్బు ఎవరిది, నిర్ణయం ఎవరిది

రోజువారీ పనిలో సగం గొడవలు ఇక్కడే పుడతాయి కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

చాలా దేశాల్లో యూనిట్లు అమ్ముడైనకొద్దీ ఓనర్లందరూ కలిసి ఒక అసోసియేషన్ అవుతారు. అది ఒక బోర్డును ఎన్నుకుంటుంది. బోర్డు ఒక మేనేజ్‌మెంట్ కంపెనీని పెట్టుకుంటుంది. రిసార్టు మేనేజరు సాధారణంగా ఆ కంపెనీ ఉద్యోగి. కొన్ని చోట్ల ఓనర్లకు ఆస్తిలో వాటా ఉండదు, ఇన్నేళ్లు వాడుకునే హక్కు మాత్రమే ఉంటుంది. అక్కడ కంపెనీదే పెత్తనం. ఎలా ఉన్నా, ఏటా వసూలు చేసే మెయింటెనెన్స్ ఫీజుతోనే రిసార్టు నడుస్తుంది. జీతాలు, కరెంటు, నీళ్లు, ఇన్సూరెన్స్, పన్నులు, లాండ్రీ, తోట అన్నీ అందులోంచే.

లెక్క చూడటానికి సులువు. వంద యూనిట్లు, 51 వారాలు, అంటే 5,100 వాటాలు. మొత్తం ఖర్చును 5,100తో భాగిస్తే ఒక వారం ఫీజు, పెద్ద యూనిట్లకు కొంచెం ఎక్కువ. చిక్కు ఎక్కడంటే అందరూ కట్టరు. నూటికి పదిహేనుమంది కట్టలేదనుకోండి, ఖర్చు పదిహేను శాతం తగ్గదు. పైకప్పు కురిసేది అందరి మీదా ఒకేలా. మిగిలిన ఎనభై అయిదుమంది ఆ వందమంది ఖర్చు మోయాలి, అంటే ఒక్కొక్కరికి దాదాపు 18 శాతం ఎక్కువ. ఫీజు పెరిగితే ఇంకొందరు కట్టడం మానేస్తారు. మళ్లీ పెరుగుతుంది. పాత రిసార్టులు కొన్ని కూలిపోయింది ఈ చక్రంలోనే. కాబట్టి బకాయిల జాబితా అకౌంట్స్ వాళ్లకే సంబంధించిందని రిసార్టు మేనేజరు అనుకోకూడదు. ఫీజు కట్టనివాళ్లలో చాలామంది డబ్బుల్లేక కాకుండా, గత రెండుసార్లు బుకింగ్ దొరక్కనో, వచ్చినప్పుడు ఇల్లు బాగాలేకనో మానేసినవాళ్లు. వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడితే కొంతమంది తిరిగి వస్తారు.

ఫీజులో ఒక భాగం రిజర్వ్ ఫండ్‌కు వెళ్తుంది. సోఫా పదేళ్లు మన్నుతుందనుకుందాం. 51 వారాలు, పదేళ్లు, మొత్తం 510. ఆ సోఫా ధరలో 510వ వంతు ప్రతి వారం ఓనరూ ఏటా పక్కన పెడితే, పదో ఏడు ఎవరినీ అడక్కుండా కొత్త సోఫా వస్తుంది. పైకప్పుకు, లిఫ్ట్‌కు, రంగులకు, పూల్ మోటార్లకు ఇలాగే ఒక్కోదానికి ఒక్కో ఆయుష్షు రాసుకుని లెక్క కడతారు. ఫీజు పెంచడం ఇష్టంలేని బోర్డు మొదట ఈ నిధికే కోత పెడుతుంది, ఎందుకంటే ఈ ఏడాది ఏ తేడా కనిపించదు. కొన్నేళ్ల తర్వాత పైకప్పు పని వచ్చిపడినప్పుడు స్పెషల్ అసెస్‌మెంట్ అని ఒకేసారి పెద్ద మొత్తం అడగాల్సివస్తుంది. అప్పటికి ఫీజు తక్కువ ఉంచినందుకు చప్పట్లు కొట్టించుకున్న బోర్డు సభ్యులు మారిపోయి ఉంటారు. ఓనర్ల సమావేశంలో నిలబడి జవాబు చెప్పేది కొత్తవాళ్లు. ఈ కోతను నేను చాలా పెద్ద తప్పుగా చూస్తాను. అది పొదుపు కిందికి రాదు. ఈ ఏడాది ఓనర్ల ఖర్చును రాబోయే ఓనర్ల నెత్తిన పెట్టడం అది.

రోజువారీ నిర్ణయాలకు ఇది ఎలా తగులుతుందో చూడండి. ఒక ఓనరు రిసెప్షన్‌కు వచ్చి, మాకు ఇంకో రోజు అదనపు శుభ్రత ఉచితంగా చేయించండి, పన్నెండేళ్లుగా ఫీజు కడుతున్నాం అంటాడు. న్యాయంగానే అనిపిస్తుంది. సరే అంటే అది ఆయన డబ్బు ఒక్కటే కాదు, మిగతా 5,099 వాటాలవాళ్ల డబ్బు కూడా. అదే ఆయన ఇంట్లో ఏసీ రెండు రోజులు పనిచేయలేదంటే మాత్రం సంగతి వేరు. కొన్నది అందలేదు కాబట్టి, ఏదో ఒకటి ఇచ్చి సరిచేయాల్సిందే. మంచితనానికీ బాధ్యతకూ మధ్య ఈ గీత ఎక్కడుందో ఫ్రంట్ ఆఫీసులో ఉన్న కుర్రాడికి కూడా తెలియాలి. ఎంతవరకు తానే నిర్ణయించొచ్చో అతనికి రాతపూర్వకంగా ఇవ్వాలి. లేకపోతే గట్టిగా అరిచినవాళ్లకు అన్నీ, మర్యాదగా అడిగినవాళ్లకు ఏమీ దక్కని పరిస్థితి వస్తుంది.

సేల్స్ డెస్క్ పక్కనే

డెవలపర్ ఇంకా అమ్ముతున్న రిసార్టులో సేల్స్ విభాగం కూడా అదే లాబీలో ఉంటుంది. సెలవుకు వచ్చిన ఓనరును "అప్‌డేట్ మీటింగ్" పేరుతో పిలిచి ఇంకొన్ని పాయింట్లు కొనమంటారు. యూరోపియన్ యూనియన్‌లో 2008 నాటి టైమ్‌షేర్ డైరెక్టివ్ కొన్నవాళ్లకు 14 రోజుల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు ఇచ్చింది, ఆ గడువులోగా అడ్వాన్స్ తీసుకోవడాన్ని నిషేధించింది. అమ్మకాల ఒత్తిడి ఎంత ఉందో ఆ చట్టమే చెబుతోంది.

ఆపరేషన్స్ మేనేజరు చేయగలిగింది ఒకటి ఉంది. తాళం ఇచ్చే కౌంటరును సేల్స్ కౌంటరుతో కలవనివ్వకూడదు. "ఈ పక్క డెస్క్‌కు వెళ్తే పార్కింగ్ పాస్ ఇస్తారు" అని చెప్పి ఓనరును సేల్స్ వాళ్ల దగ్గరికి పంపితే, ఆ రోజునుంచి రిసెప్షన్ చెప్పే ఏ మాటనూ ఆయన నమ్మడు. ఏసీ రేపు బాగవుతుందన్నా నమ్మడు.

లాగ్ బుక్

ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండే మనిషి లేడు కాబట్టి షిఫ్టులు మారతాయి, మారేచోట సమాచారం జారిపోతుంది. నేను పనిచేసిన ఒకచోట, గురువారం రాత్రి ఒక యూనిట్‌లో సింక్ కింద నీళ్లు కారుతున్నాయని ఫోన్ వచ్చింది. నైట్ షిఫ్ట్ టెక్నీషియన్ వాల్వ్ బిగించి, పొద్దున పార్ట్ మారుద్దామనుకున్నాడు. ఆ మాట ఎవరికో నోటితో చెప్పాడు, పుస్తకంలో రాయలేదు. శుక్రవారం అతనికి సెలవు. శనివారం ఆ ఇల్లు శుభ్రమైంది. సూపర్‌వైజరు హడావుడిలో సింక్ కింద తలుపు తెరవలేదు. సాయంత్రం ఆరింటికి కొత్త కుటుంబం ఫోన్ చేసేసరికి హాల్లో కార్పెట్ తడిసిపోయింది, కింది అంతస్తు ఇంటి సీలింగ్ మీద మరక వచ్చింది. తప్పు అతనొక్కడిదే అనలేను. రాయని మాటకు మా దగ్గర అప్పటివరకు ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి, రాయాలన్న పట్టింపు మాలో ఎవరికీ లేదు.

ఆ తర్వాత పొద్దున బ్రీఫింగ్ పద్ధతి మార్చాం. పదిహేను నిమిషాలు, నిలబడే మాట్లాడాలి. ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, మెయింటెనెన్స్, సెక్యూరిటీ నుంచి ఒక్కొక్కరు. మొదటి ప్రశ్న ఇవాళ ఎంతమంది వస్తున్నారన్నది కాదు. నిన్న తాత్కాలికంగా సరిచేసి వదిలేసినవి ఏంటన్నది. ఆ జాబితాలో ఉన్న యూనిట్‌ను మెయింటెనెన్స్ సంతకం లేకుండా ఇన్‌స్పెక్టెడ్‌కు మార్చడానికి వీల్లేదు, లాబీలో ఎవరు ఎంత అరిచినా సరే.

ఆదివారం పొద్దున ఏడింటికి రిసార్టు నిశ్శబ్దంగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇంకా నిద్రలోనే ఉంటారు. లాండ్రీలో అరవై ఇళ్ల దుప్పట్లు తిరుగుతుంటాయి. ఆఫీసులో బోర్డు మీద ఎవరో నిన్నటి వారం నంబరు తుడిచి, కొత్త నంబరు రాస్తారు. దాని పక్కన రెండు మూడు యూనిట్ నంబర్లు, సింక్, గీజర్, బాల్కనీ తలుపు అని రాసి ఉంటుంది. ఆ ఇళ్లకు వచ్చే శనివారం రాబోయే కుటుంబాలు ఇంకా ఎక్కడో తమ ఇళ్లలోనే ఉన్నాయి.